గళ్ళ నుడికట్టులోని న్యాయము



పత్రిక చేతికి వచ్చినంతనే కొందరు దేశవార్తలు చదువుదురు. కొందరు ధరవరలు చూతురు. ఈ రెంటిని విడిచి, నలుపు తెలుపు గళ్ళు గీసిన చిన్న చతురస్రము ఏ పుటలో నున్నదా యని వెదకువారు మఱికొందరు కలరు. అది కనబడినచో పెన్సిలు పుచ్చుకొని కూర్చుందురు. అటుపిమ్మట పిలిచినను పలుకరు. నేనును ఆ కోవకు చెందినవాడనే. ఈ వినోద మెట్టిది, ఇందు ఇంతగా మునిగిపోవుటకు ఏమున్నది, దీనివలన మనిషికి కలుగు లాభమేమి అను విషయములు నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఆంగ్లేయులు దీనిని క్రాస్‌వర్డ్ అందురు. మన భాషలో గళ్ళ నుడికట్టు, పదబంధ ప్రహేళిక, గడినుడి అను పేరులు వాడుకలో నున్నవి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు సైతము తెలుగున వీనిని కూర్చిరి. అడ్డముగను నిలువుగను గళ్ళుండును. గడికొక అక్షరము. ఏ మాట వ్రాయవలెనో తెలుపుటకు ఆధారమను ఒక వాక్యము నిత్తురు. అడ్డపు మాటయు నిలువు మాటయు కలిసికొను గడిలో రెంటికిని ఒకే అక్షరము సరిపోవలెను.

ఈ నుడికట్టులు రెండు తెగలు. మొదటి తెగలో ఆధారము సూటిగా నుండును. "నీటిలో పూచు పువ్వు, మూడక్షరములు" అనినచో తామర యని వ్రాయుదుము. కలువ ఏల కారాదు అని ఎవరైన అడిగినచో, అడ్డముగా వచ్చు మాటల అక్షరములే తీర్పు చెప్పును. రెండవ తెగ గూఢమైనది. అందు ఆధారము పైకి ఒక అర్థము చెప్పుచు లోపల మఱియొకటి దాచుకొని యుండును. నేను చెప్పబోవునది ఈ రెండవ తెగను గూర్చి. దీని మర్మము వర్ణించుటకంటె చూపుట సులభము. కనుక నేను కూర్చిన కొన్ని ఆధారములను మీముందుంచెదను.

"కడపనుండి వెనుదిరిగినచో విశ్రాంతిస్థానము, మూడక్షరములు." వినగానే ప్రయాణము చేసి అలసినవాడు మనసులో మెదలును. కూర్చినవాడు కోరునదియు అదియే. కాని ఆ ప్రయాణికుని విడిచిపెట్టి, కడప అను మాటలోని అక్షరములను వెనుకనుండి చదువుడు. పడక యని వచ్చును. విశ్రాంతిస్థానము అదియే కదా!

"తల కోల్పోయిన వినాయకుడు జనులకు పెద్ద, నాలుగక్షరములు." పురాణకథ గుర్తునకు వచ్చి, ఏనుగు తల దగ్గఱ మన బుద్ధి ఆగిపోవును. ఇక్కడ తల యనగా మాటకు తల, అనగా మొదటి అక్షరము. వినాయకుడు అను మాటలో "వి" తీసివేసినచో నాయకుడు మిగులును.

"పాత పసుపులో దాగిన ఋషికృత్యము, మూడక్షరములు." పాత పసుపు అను రెండు మాటలను కలిపి చదివి, మొదటి అక్షరమును కడపటి అక్షరమును విడిచినచో తపసు దొరకును. "నవల చెదరినది, పంచమీ విభక్తి దొరకినది." నవల యను మాటలోని అక్షరములను చెదరగొట్టి మరల కూర్చినచో వలన అగును. అది పంచమీ విభక్తి ప్రత్యయమని బాలవ్యాకరణము చదివిన వారికి చెప్పనక్కఱలేదు. ఇక "చేయియే పన్ను" అనునది చూడుడు. పన్ను అనగానే నోటిలోని దంతము తోచును. అది దంతము కాదు, ప్రభుత్వమునకు కట్టు పన్ను. చేతికిని పన్నునకును కలసిన పేరు కరము.

ఇంగ్లీషున ఇట్టిది ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. ఆధారముగా ఎనిమిది అక్షరములను మాత్రమే ఇత్తురు: హెచ్, ఐ, జె, కె, ఎల్, ఎమ్, ఎన్, ఓ. సమాధానము నీరు అను నర్థమిచ్చు వాటర్. ఎట్లనగా, అవి ఆంగ్లవర్ణమాలలో "హెచ్ టు ఓ", అనగా హెచ్ మొదలు ఓ వఱకు వరుసగా నున్న అక్షరములు. "టు" అనునది వినుటకు రెండు అను అంకెవలె నుండును. హెచ్ టూ ఓ యనునది రసాయనశాస్త్రమున నీటికి గుర్తు.

ఇప్పుడు ఈ ఆధారములలోని న్యాయమును గమనింపుడు. పల్లెలో తగవు తీర్చిన పెద్దలకు ఇది వెంటనే తెలియును. ప్రతి ఆధారమునందును ఇద్దరు సాక్షులుందురు. ఒక సాక్షి సమాధానము యొక్క అర్థమును చెప్పును. రెండవ సాక్షి ఆ మాట ఏ అక్షరములనుండి ఎట్లు పుట్టినదో చెప్పును. ఇద్దరును వేర్వేరుగా వచ్చి ఒకే మాట చెప్పినప్పుడే మనము దానిని నమ్మవలెను. కడప ఆధారమునకు ఒకరు మంచము అని సమాధానము చెప్పిరనుకొందము. మంచము విశ్రాంతిస్థానమే, అక్షరములును మూడే. మొదటి సాక్షి సరే యనును. కాని కడపను ఎన్ని విధముల త్రిప్పినను మంచము రాదు. రెండవ సాక్షి ఒప్పుకొనడు. పడక యనినచో ఇద్దరును ఒప్పుకొందురు. ఆపైన అడ్డముగా వచ్చు మాటల అక్షరములు మూడవ సాక్షిగా నిలుచును. ఈ ముగ్గురును ఏకవాక్యముగా చెప్పిన పిమ్మట, సరియైనదా కాదా అని ఎవరిని అడుగనక్కఱలేదు. మఱునాటి పత్రికలో సమాధానము చూడకమునుపే మనకు నిశ్చయము కలుగును. ఈ వినోదములోని సుఖమంతయు ఆ నిశ్చయముననే యున్నది.

ఈ న్యాయము ఒక్కనాట ఏర్పడినది కాదు. లివర్‌పూలులో పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ అను పత్రికలో మొదటి నుడికట్టును ప్రకటించెను. అందలి ఆధారములు సూటియైనవి. ఆ ఆట ఇంగ్లండు చేరిన పిదప గూఢత్వము సంతరించుకొనెను. ఎడ్వర్డు పోవిస్ మేథర్స్ అను కవి 1926 మొదలు 1939లో మరణించువఱకు అబ్జర్వర్ పత్రికకు మిక్కిలి కఠినమైన నుడికట్టులు కూర్చెను. ఆయన పెట్టుకొన్న మాఱుపేరు టార్కెమాడా. పూర్వము స్పెయినుదేశమున మతవిచారణలో జనులను హింసించిన అధికారి పేరది. చదువరులను ఎంతగా పీడింపదలచెనో ఆ పేరే చెప్పుచున్నది!

ఆయన పిమ్మట ఆ స్థానమునకు వచ్చినవారు డెరిక్ సోమర్సెట్ మక్నట్. ఆయన గ్రీకు, లాటిను భాషలు బోధించు ఉపాధ్యాయుడు. ఆయనయు జిమెనీజ్ అని మఱియొక విచారణాధికారి పేరు పెట్టుకొని 1939 మొదలు 1971 వఱకు నుడికట్టులు కూర్చెను. ఈ కళను గూర్చి 1966లో ఒక పుస్తకమును వ్రాసెను. ఆధారమున అర్థము కచ్చితముగా నుండవలెననియు, అక్షరముల చమత్కారము న్యాయముగా నుండవలెననియు, ఈ రెంటికిని పనికిరాని మాట ఒక్కటియు చేరరాదనియు ఆయన పట్టుదల. కూర్చువాడు చదువరిని దారి తప్పింపవచ్చును. కాని తాను వ్రాసిన ప్రతి మాటకును కట్టుబడి యుండవలెను. మన వాడుకలో చెప్పవలెనన్న, మాట దాచుట వేఱు, మాట తప్పుట వేఱు. దాచుట ఆట. తప్పుట మోసము.

ఇదంతయు పండితుల పని యనుకొనవలదు. లండనులోని టైమ్స్ పత్రికలో 1930 ఫిబ్రవరి 1వ తేదీన మొదటి నుడికట్టు వెలువడెను. దానిని కూర్చినవాడు ఏడ్రియన్ బెల్. అతడు సఫక్ సీమలో సేద్యము చేసిన రైతు. పల్లెజీవనమును గూర్చి పుస్తకములు వ్రాసినవాడు. అంతకుమునుపు అతడు ఒక్క నుడికట్టునైనను పూరించి యెఱుగడు. అట్టివాడు పిమ్మట ఆ పత్రికకు వేలకొలది నుడికట్టులు కూర్చెను. మాటలయెడ ప్రీతియు ఓర్పును ఉన్నచో చాలునని అతని జీవితము చెప్పుచున్నది.

ఇక ఆ న్యాయము లోపించినప్పుడు ఏమగునో మన దేశమే చూచినది. స్వాతంత్ర్యమునకు ముందును వెనుకను బహుమతుల నుడికట్టులు విరివిగా వెలువడెను. ప్రవేశరుసుము పంపవలెను, గెలిచినవారికి పెద్ద మొత్తములు ఇత్తుమని ప్రకటించిరి. పైకి చూచుటకు అవియు గళ్ళే, అవియు ఆధారములే. కాని లోపల భేదము కలదు. ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదను. "రైతు ఎదురుచూచునది, రెండక్షరములు" అని యున్నదనుకొనుడు. వాన యనవలెనా? పంట యనవలెనా? రెండును సరిపోవును. రెండవ సాక్షి లేడు. ఏది గెలుచునో నిర్వాహకుల యొద్ద ముద్రవేసి ముందే భద్రపఱచిన కాగితమునకు మాత్రమే తెలియును. ఇట్టి ఆధారములు పది యున్నచో, ఒక్కొక్కదానికి రెండేసి సమాధానముల చొప్పున మొత్తము 1024 విధములుగా పూరింపవచ్చును. ఒకటి తప్పక తగులునను ఆశతో ఒక్కొక్కడు అనేక పత్రములు నింపి, ప్రతిదానికిని రుసుము కట్టుచుండెను. అది బుద్ధికి పరీక్ష కాదు. చీట్లు వేయుటయే.

అందుచేత పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టమును చేసెను. నెలకు వేయి రూపాయలకు మించి బహుమతులిచ్చు పోటీలను ఆ చట్టము నిషేధించెను. తక్కినవానికి అనుమతిపత్రము ఉండవలెననియు, ప్రవేశపత్రములు రెండువేలకు మించరాదనియు విధించెను. నిర్వాహకులు న్యాయస్థానమునకు పోయిరి. 1957లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. గెలుపు ముఖ్యముగా నేర్పుపై నాధారపడిన పోటీ వేఱు, అదృష్టముపై నాధారపడిన జూదము వేఱు అనియు, ఆ చట్టము జూదము వంటి పోటీలకే వర్తించుననియు, జూదమునకు వ్యాపారస్వేచ్ఛ లేదనియు నిర్ణయించెను. ఆ తీర్పు మనకు ఒక కొలబద్ద నిచ్చినది. గళ్ళు చూచి మోసపోరాదు. సమాధానము సరియైనదని నిర్వాహకుడు చెప్పకమునుపే నీవు నిరూపింపగలవా? గలిగినచో అది విద్య. లేనిచో అది పాచిక. నేటికిని బహుమతులు చూపి జనులను పిలుచు పోటీలను చూచినప్పుడు ఈ ప్రశ్నయే వేసికొనవలెను.

నేర్పు యొక్క విలువ తెలియుటకు మఱియొక వృత్తాంతము చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా లండనులోని డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక నుడికట్టు మిక్కిలి సులభమని కొందరును, కాదని కొందరును వాదించిరి. పన్నెండు నిమిషములలో పూరించువారున్నచో ధర్మనిధికి నూఱు పౌనులిత్తునని ఒక పెద్దమనిషి పందెము వేసెను. 1942 జనవరిలో పత్రికా కార్యాలయముననే పోటీ జరిగెను. గడువులోపలనే పూర్తిచేసినవారు కలరు. కొన్ని వారములకు, పాల్గొన్నవారిలో కొందరికి యుద్ధశాఖనుండి రహస్యముగా పిలుపు వచ్చెను. వారు బ్లెచ్లీ పార్కు అను చోట శత్రువుల గూఢసందేశములను విప్పు పనిలో చేరిరి.

వారి మాటలనేర్పు అక్కడ ఏమి పనికివచ్చెనని అడుగవచ్చును. జర్మనుల ఎనిగ్మా యంత్రము ప్రతి అక్షరమును వేఱొక అక్షరముగా మార్చునే గాని, ఆ అక్షరమునే తిరిగి ఇయ్యదు. కనుక సందేశమున ఏ మాట ఉండవచ్చునో, ఉదాహరణమునకు వాతావరణ నివేదికలో తఱచుగా వచ్చు మాట, దానిని ఊహించి, గూఢలిపి క్రింద ఉంచి జరుపుచు పోవుదురు. ఎక్కడ పైని అక్షరమును క్రింది అక్షరమును ఒక్కటియగునో అక్కడ ఆ ఊహ నిలువదు. మఱియొక చోట పరీక్షింపవలెను. ఊహించుట, పరీక్షించుట, నిలువని ఊహను మమకారము లేక విడిచిపెట్టుట, ఇవి మూడును నుడికట్టు పూరించువానికి నిత్యకృత్యములు. అందు మూడవది అన్నిటికంటె కష్టము. మనకు నచ్చిన సమాధానమును గడిలో వ్రాసికొని, అడ్డముగా వచ్చిన అక్షరము కాదనినను దానినే పట్టుకొని వ్రేలాడుట మనుష్యస్వభావము. అందుకే అనుభవజ్ఞులు పెన్సిలుతోనే వ్రాయుదురు.

గూఢముగా పలుకుట మనకు క్రొత్తది కాదు. ప్రహేళికలు అరువదినాలుగు కళలలో ఒకటి. దండి తన కావ్యాదర్శమున పదునాఱు విధముల ప్రహేళికలను వివరించి, అవి వినోదగోష్ఠులకును, పలువురి నడుమ రహస్యము మాటలాడుకొనుటకును ఉపయోగించునని చెప్పెను. ఆ రెండవ ఉపయోగమునకు భారతమునందే దృష్టాంతమున్నది. పాండవులు వారణావతమునకు బయలుదేరునప్పుడు విదురుడు ధర్మరాజుతో ఇతరులకు తెలియని తీరున పలికెను. లోహము కాని ఆయుధమును గూర్చియు, ఏదుపంది వలె బిలమున చేరి బ్రదుకుటను గూర్చియు చెప్పెను. విన్నవారికి అది ఏదో నీతివాక్యమువలె తోచెను. ధర్మరాజు మాత్రము అది అగ్నియనియు, తప్పించుకొనుటకు సొరంగమనియు గ్రహించెను. లక్కయింటనుండి ఆఱుగురి ప్రాణములు దక్కినవి. పైమాటయే విని ఊరకున్నచో ఏమయ్యెడిదో మీరే ఊహింపుడు.

అయితే తెలుగు నుడికట్టునకు ఒక ప్రత్యేకత కలదు. ఇంగ్లీషులో అక్షరములు ఇరువదియాఱే. వానిని త్రిప్పి మార్చుట తేలిక. మనకు గుణింతములును ఒత్తులును కలవు. "కి" వేఱు, "కు" వేఱు. సంయుక్తాక్షరమంతయు ఒక్క గడిలోనే యుండవలెను. కావున మనవారికి త్రిప్పుటకు అనువైన మాటలు తక్కువ. ఆ లోటును తీర్చునది మన పదసంపద. ఒక్క మాటకు సంస్కృతమున నాలుగు పర్యాయపదములు, అచ్చతెనుగున రెండు, ఊరి వాడుకలో మఱియొకటి దొరకును. నిఘంటువులో ఉన్న మాటలు పండితులకు తెలియును. మేడి, కాడి, ఏతము, మంచె, కవిలె వంటి మాటలు పల్లె పెద్దలకు తెలియును. ఏతము నిలిచిపోయి విద్యుత్తు పంపు వచ్చిన తరమువారికి ఆ మాట ఎవరు చెప్పవలెను? వాడుక తప్పిన మాట కొంతకాలమునకు అర్థము తప్పును. నుడికట్టులోని రెండు గళ్ళు దానికొఱకు వేచియున్నప్పుడు, మనుమడు తాతగారి యొద్దకు వచ్చి అడుగక తప్పదు. పుస్తకములో చదివినదానికంటె తాను వెదకి సాధించిన మాట వానికి గట్టిగా జ్ఞాపకముండును.

కావున క్రొత్తగా ఆరంభించువారికి రెండు మూడు సూచనలు చెప్పి ముగించెదను. ఆధారమును మొదట కథవలె చదువవలదు. మాట మాటగా విడదీయుడు. అర్థము చెప్పు సాక్షి సాధారణముగా వాక్యమునకు మొదటనో కడపటనో నిలుచును. వెనుదిరిగిన, చెదరిన, తల పోయిన, లోపల దాగిన అను మాటలు కనబడినచో అవి అక్షరములకు ఆజ్ఞలని అనుమానింపుడు. ఒక్కచోట చిక్కుపడినచో వేఱొక మాటకు పొండు; అక్కడ దొరకిన అక్షరమే ఇక్కడ దారి చూపును. నేటికి తేలనిచో రేపటికి ఉంచుడు. రాత్రి మూసికొన్న ఆధారము తెల్లవాఱి ముఖము కడుగుకొనునప్పుడు తనంత తానే విడిపోవుట నేను పలుమాఱు చూచితిని. ఒంటరిగా కాక నలుగురు రచ్చబండకడ కూర్చుండి పూరించినచో ఇంకను రక్తి కట్టును. ఒకరికి పురాణము, ఒకరికి వ్యవసాయము, ఒకరికి లెక్కలు తెలిసియుండును.

కడపట మీ ఇంటి పిల్లలకొఱకు ఒక ఆధారము ఇచ్చిపోవుదును. "కలప వెనుదిరిగినచో బడిపిల్లవాని చేతికి వచ్చును, మూడక్షరములు." దీనికి సమాధానము నేను చెప్పను. ఇద్దరు సాక్షులును అందే యున్నారు. వారిని విచారించి మీరే తీర్పు చెప్పుడు.